రెండు గొట్టాలూ ఒక్కచోటే చూడాలి

బైనాక్యులర్ చేతికి రాగానే నేను అందులోంచి చూడను. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కుదుపుతాను. లోపల టిక్కుమంటే ప్రిజం సీటు వదిలిందన్నమాట. గరగరమంటే గాజు అంచు పెచ్చు లేచి గొట్టంలో తిరుగుతోందన్నమాట. ఏ చప్పుడూ లేకపోతే తిప్పి పట్టుకుని, అవతల ట్యూబ్‌లైట్ ఉండేలా, పెద్ద అద్దాల వైపు నుంచి లోపలికి చూస్తాను. బూజు సాలెగూడులా పాకిందా, పాత గ్రీజు ఎండకు ఆవిరై అద్దం మీద పొరకట్టిందా అన్నది ఇటునుంచే తెలుస్తుంది. కళ్ళకు పెట్టుకోవడం ఆఖరు. 1987లో కోఠిలో ఉస్తాద్ దగ్గర పనికి చేరినప్పుడు మొదటి నెలంతా ఆయన నాకు నేర్పింది ఈ వరసే. ముప్పై ఎనిమిదేళ్ళయింది, మార్చలేదు.

తార్నాకలో మా ఇంటి ముందుగదే నా షాపు. రెండు సందులు దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ ఉన్నాయి. క్యాంపస్ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ. రాళ్ళు చూసేవాళ్ళు, కణాలు చూసేవాళ్ళు, పిట్టల్ని చూసేవాళ్ళు, చుక్కల్ని చూసేవాళ్ళు అందరూ నడిచి వచ్చేంత దూరంలో ఉన్నారు. కాలేజీల మైక్రోస్కోపులు, సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళ థియోడొలైట్లు, డంపీ లెవెళ్ళ మీదే నా నెల గడుస్తుంది. అయినా బల్ల మీద బైనాక్యులర్ ఉన్న రోజు మాత్రం ఒక గంట ముందే షాపు తీస్తాను. మా పాతబస్తీ గిరాకీలు ఇప్పటికీ దాన్ని దుర్బీన్ అనే అంటారు. ఆ మాటే నాకూ ఇష్టం.

పనిలోకి దిగేముందు దానిమీద రాసి ఉన్న అంకెలు చదవడం రావాలి. 8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపిస్తుందని, ముందున్న పెద్ద అద్దం అడ్డకొలత 42 మిల్లీమీటర్లని. ఎనభై మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చున్న పిట్ట పది మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. చాలామంది మొదటి అంకెనే చూస్తారు. కొనేవాళ్ళను మోసం చేసేవాళ్ళు కూడా ఆ అంకెతోనే చేస్తారు. ఒకసారి డిగ్రీ కుర్రాడు ఆదివారం సంతలో కొన్నది పట్టుకొచ్చాడు. ఒంటి మీద 60×60 అని బంగారు అక్షరాలు. అద్దాలు ఎర్రగా కెంపుల్లా మెరుస్తున్నాయి. ‘దూరం పోయేకొద్దీ పచ్చగా, మసకగా కనిపిస్తోంది అంకుల్’ అన్నాడు. ఆ ఎర్రపూత వెలుగులోని ఎరుపును వెనక్కి కొట్టేస్తుంది, అందుకే లోపలికి వచ్చిన బొమ్మ పచ్చగా ఉంటుంది. రెట్ల సంగతి వాడి చేతే తేల్పించాను.

మీరూ చేసి చూడవచ్చు. బైనాక్యులర్‌ను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పండి. కంటివైపు అద్దంలో చిన్న తెల్లటి బిళ్ళ కనిపిస్తుంది. వెలుగంతా బయటికొచ్చే కిటికీ అదే. స్కేలు పెట్టి దాని అడ్డకొలత తీయండి. ముందు అద్దం కొలతను దాంతో భాగిస్తే వచ్చేదే అసలు రెట్లు. ఆ కుర్రాడి దానికి ముందు అద్దం 35 మిల్లీమీటర్లు, బిళ్ళ నాలుగున్నర. అంటే ఎనిమిది కూడా లేదు. వాడి మొహం వాడిపోయింది. ఎనిమిది చాలు, ఎనిమిదే మంచిది అని నేను చెప్పినా ఆ రోజు నమ్మలేదు.

ఎందుకు మంచిదంటే, చెయ్యి వణుకుతుంది కాబట్టి. ఎవరి చెయ్యైనా వణుకుతుంది. ఎనిమిది రెట్ల అద్దం ఆ వణుకునూ ఎనిమిది రెట్లు చేస్తుంది. అంతవరకు కన్ను సర్దుకుపోతుంది. పది దాటితే ఆసరా లేకుండా పట్టుకోవడం కష్టం. ఇరవై రెట్లది చేత్తో పట్టుకుని చూస్తే పిట్ట కనిపించదు, గీతలు కనిపిస్తాయి. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది, కొమ్మ దొరికేలోపు పిట్ట ఎగిరిపోతుంది.

ఇంకో సంగతి ఆ తెల్లబిళ్ళది. 8×42లో అది అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. జేబులో పట్టే 10×25లో రెండున్నరే. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప ఎలాగూ రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి రెండున్నరతో ఇబ్బంది ఉండదు. ఆరింటికి మంచు తెరలో చెట్టు కింద గంతులేసే పిట్టను చూడాలంటే మాత్రం కంటిపాప తెరుచుకుని వెలుగు కోసం ఎదురుచూస్తుంటుంది, ఆ చిన్న కిటికీ దానికి చాలదు. పిట్టలు తిరిగేది పొద్దున్నా సాయంత్రమూ. అందుకే పిట్టల కోసమని అడిగితే 8×42, లేదా 8×40 చెబుతాను. మలక్‌పేట గుర్రప్పందేలకైనా, ఉప్పల్ స్టేడియంలో క్రికెట్టుకైనా, పగటివేళైతే 8×30 చాలు. మెడకు బరువూ ఉండదు.

ఇక టెలిస్కోపు ఉండగా ఇదెందుకు అంటారు. టెలిస్కోపుకు స్టాండు కావాలి, ఒక కన్ను మూయాలి, చుక్కలు చూసే రకమైతే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. బైనాక్యులర్‌లోనూ ముందు అద్దం బొమ్మను తలకిందులు చేస్తుంది. గొట్టంలో ఉన్న రెండు ప్రిజంలలో వెలుగు నాలుగు మలుపులు తిరిగి బొమ్మ మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. 1854లో ఇటలీ వాడు పోరో ఆ ఏర్పాటు కనిపెట్టాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1894లో, జర్మనీలో జైస్ కంపెనీ దాన్ని రెండు గొట్టాలకు అమర్చి అమ్మకానికి తెచ్చింది. మోచేతిలా వంపు తిరిగిన పాతరకం బైనాక్యులర్ చూశారా? దాని ముందు అద్దాలు మన కళ్ళకంటే ఎడంగా ఉంటాయి. దాంతో చెట్టులో ఏ కొమ్మ ముందుందో, ఏది వెనకుందో విడివిడిగా తెలుస్తుంది. పిట్ట ఆకుల మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఒంటికన్నుతో అది దొరకదు. రెండు కళ్ళతో చూసినప్పుడు మసకవీ తేటపడతాయి, అరగంట చూసినా అలుపు రాదు.

అలుపు రాకూడదు అంటే రెండు గొట్టాలూ ఒక్కచోటే చూడాలి. నా వృత్తి అంతా ఈ ఒక్క వాక్యమే. దీన్ని కాలిమేషన్ అంటాం. బూజు తుడవడం, గ్రీజు మార్చడం ఆరు నెలల్లో పట్టుబడతాయి. కాలిమేషన్‌కు నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఉస్తాద్ కలకత్తాలో, జాదవ్‌పూర్ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చెయ్యి తిరిగి వచ్చిన మనిషి. కోఠిలో కెమెరాల దుకాణం పైన ఒక అటకలాంటి గది ఆయనది. గురి చూడటానికి మేడ మీదికి వెళ్ళేవాళ్ళం. అక్కడి నుంచి చార్మినార్ మినార్ల కొసలు కనిపించేవి. గురి కనీసం అరకిలోమీటరు అవతల ఉండాలి, లేకపోతే రెండు గొట్టాల మధ్య ఎడమే తప్పు లెక్క చూపిస్తుంది. బైనాక్యులర్‌ను కంటికి అంటించకుండా నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంటే రెండు గుండ్రాలు విడివిడిగా కనిపిస్తాయి. ఎడమ గుండ్రంలో మినార్ కొస ఎంత ఎత్తులో ఉందో కుడి దానిలోనూ అంతే ఎత్తులో ఉండాలి. లేకపోతే, తోలు ముక్క ఎత్తి, కింద దాగిన చిన్న మరలను పేచ్‌కస్‌తో తిప్పాలి. మర తిరిగితే ప్రిజం వంగుతుంది, బొమ్మ జరుగుతుంది. వెంట్రుకవాసి తిప్పితే చాలు, మినార్ కదులుతుంది.

మూడో ఏడాది ఒక లెక్చరరమ్మ దానికి నేనొక్కణ్ణే కాలిమేషన్ చేశాను. ఉస్తాద్ ఊళ్ళో లేరు. రెండు గుండ్రాలూ దారం కట్టినట్టు సమానంగా కుదిరాయి. నా కళ్ళకు పెట్టుకుంటే అద్భుతంగా ఉంది. డబ్బులు తీసుకుని ఇచ్చేశాను. వారం తిరక్కుండా ఆవిడ వచ్చారు. ‘పది నిమిషాలు చూస్తే తలనొప్పి వస్తోంది బాబూ, కళ్ళు లాగేస్తున్నాయి’ అన్నారు. నేను మళ్ళీ చూశాను, నాకు బ్రహ్మాండంగా ఉంది. ఆవిడదే పొరపాటు అన్నట్టు మాట్లాడాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఉస్తాద్ వచ్చాక ఒక్క పని చేశారు. బైనాక్యులర్‌ను నా చేతిలోంచి తీసుకుని నడుమ కీలును మూసి, కంటి అద్దాలను దగ్గరికి తెచ్చారు. ‘ఇప్పుడు చూడు బేటా.’ కుడి గొట్టంలో మినార్ కొస ఎడమ దానికంటే కిందికి దిగిపోయింది. నా మొహం వెడల్పు. ఆవిడ కళ్ళ మధ్య ఎడం నాకంటే బాగా తక్కువ. నేను నా మొహానికి సరిపోయేలా సర్దాను, అంతే. కీలు ఎంత తెరిచినా మూసినా బొమ్మలు కలిసే ఉండాలంటే, రెండు గొట్టాల చూపూ ఆ కీలు ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. ‘ఒక్కచోట కుదిరితే అది నీ దుర్బీన్. అన్నిచోట్లా కుదిరితే అది గిరాకీది’ అన్నారాయన. ఆ రోజు నుంచి ఇరుకు, నడుమ, వెడల్పు మూడు కొలతల దగ్గరా చూడకుండా ఒక్కటీ బల్ల దిగలేదు. ఉస్తాద్ నన్ను ఆవిడ ఇంటికి పంపారు, డబ్బు తిరిగివ్వమని, దుర్బీన్ చేతికిచ్చి పక్కన పది నిమిషాలు నిలబడమని. నిలబడ్డాను. తలనొప్పి రాలేదు.

తలనొప్పి ఎందుకొస్తుందో కూడా తెలుసుకోండి. కళ్ళు రెండూ లోపలికి తిరగడం రోజూ చేసే పనే. పుస్తకం చదివినా, సూదిలో దారం ఎక్కించినా తిరుగుతాయి. బయటికి విడివడటం కొద్దిగా. ఒకటి పైకీ ఒకటి కిందికీ చూడటమంటే వాటికి దాదాపు చేతకాదు. అందుకని పక్కకు కాస్త తేడా ఉంటే కన్ను ఓర్చుకుంటుంది, పైకీ కిందికీ తేడా ఉంటే ఓర్చుకోదు. మీ బైనాక్యులర్ కిందపడిందనుకోండి, బొమ్మ రెండుగా కనిపించకపోవచ్చు, మెదడు లాక్కొచ్చి కలిపేస్తుంది. కానీ కాసేపు చూసి కిందికి దించగానే లోకం ఒక్క క్షణం ఈదినట్టు ఉందంటే, కళ్ళు అప్పటిదాకా కుస్తీ పట్టాయన్నమాట. తీసుకురండి.

1996లో ఉస్తాద్ చేతుల మీదుగా తార్నాకలో సొంత షాపు తెరిచాను. గురికి మా మేడ మీద నుంచి మౌలాలి గుట్ట దొరికింది. గుట్ట కొసన దర్గా, తెల్లగా. పొద్దుటి ఎండలో అంతకంటే మంచి గురి లేదు. పన్నెండేళ్ళు అదే నా కొలబద్ద. తర్వాత ముందువీధిలో అయిదంతస్తుల అపార్టుమెంటు లేచింది. మూడో స్లాబు పడిన రోజు గుట్ట సగం పోయింది, నాలుగో స్లాబుకు మొత్తం పోయింది. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. కానీ పనివాడికి గురి పోవడమంటే దర్జీకి టేపు పోయినట్టే.

అలా క్యాంపస్‌కు వెళ్ళడం మొదలైంది. పొద్దున అయిదున్నరకే సంచిలో రెండు మూడు దుర్బీన్లు వేసుకుని ఆర్ట్స్ కాలేజీ ముందరి మైదానం అటు చివరికి పోయేవాణ్ణి. 1939లో కట్టడం పూర్తయిన ఆ గులాబీ రాతి భవనం పైఅంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ అంచే నా గురి. నెలరోజులు గడిచాయి. రోజూ అటు నడిచే ఒక పెద్దావిడ, జువాలజీలో చెప్పి రిటైరైన మేడమ్, ఒకరోజు ఆగిపోయారు.

‘రోజుకో బైనాక్యులర్ తెస్తారు, రోజూ ఆ గోడనే చూస్తారు. ఏముంది బాబూ అక్కడ?’

‘అంచు చూస్తున్నా మేడమ్. తిన్నగా ఉందా లేదా అని.’

‘మరి ఈ తీగ మీద కూర్చున్నదాన్ని చూడరా?’

చూపించారు. మామూలు కంటికి అది గోధుమరంగు ముద్ద. దుర్బీన్ ఎత్తాను. రొమ్ము మీద ఎండిన మందార రంగు, సన్నటి తెల్ల గీతలు, కంటి చుట్టూ నారింజ చాయ. అంతలో అది రెక్కలు విప్పి దూకింది. నీలం. లేతది, ముదురుది, మళ్ళీ లేతది, పట్టీలు పట్టీలుగా. పాలపిట్ట. ప్రతి దసరాకీ చూడాలని పెద్దవాళ్ళు చెప్పే పిట్టను, మా రాష్ట్ర పక్షిని, నలభై ఏళ్ళు వచ్చాక మొదటిసారి నిజంగా చూశాను. అంతకుముందు ఇరవై ఏళ్ళుగా వందల బైనాక్యులర్లు బాగుచేశాను, గోడలూ గోపురాలూ తప్ప ఏమీ చూడలేదు.

మేడమ్ నాకు రెండో ఉస్తాద్. ఆవిడ చెప్పిన మొదటి కిటుకు: పిట్ట కనబడగానే దుర్బీన్ వెతుక్కుంటూ కళ్ళు దించకండి. చూపు పిట్ట మీదే ఉంచి, దుర్బీన్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. మొదటి వారం దుర్బీన్ ఎత్తిన ప్రతిసారీ నాకు ఖాళీ ఆకులే దొరికాయి. రెండో వారంలో పది ఎత్తితే ఆరు దొరికేవి. రెండో కిటుకు ఆవిడ ఒక్కరిదే కాదు, మా ఇద్దరిదీ అనుకోండి. పొద్దున ఒక్కసారి కుదుర్చుకుంటే రోజంతా పనిచేసేది. కుడి కన్ను మూసి, నడుమ చక్రం తిప్పి ఎడమ కంటికి ఆకు అంచు తేటపరచండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి అద్దం చుట్టూ ఉన్న పట్టీ తిప్పి అదే ఆకును తేటపరచండి. మన రెండు కళ్ళ పవర్ తేడా అందులో కూర్చుంటుంది. ఇక రోజంతా చక్రం ఒక్కటే తిప్పాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు రబ్బరు కప్పులు మడుచుకోవాలి, లేకపోతే చుట్టూ చీకటి కమ్ముతుంది. నా దగ్గరికి ‘పాడైంది’ అని వచ్చేవాటిలో చాలావాటికి అసలు రోగం ఈ పట్టీ తెలియకపోవడమే. వాటికి నేను డబ్బు తీసుకోను.

క్యాంపస్ నడకల్లో ఆవిడ చెప్పిన కథలు వేరే లోకం. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్క రాశాడట. 1980లో మన నగరంలోనే పక్షిప్రేమికుల సంఘం పుట్టిందట. వాళ్ళ పత్రిక పేరు ‘పిట్ట’. వానలకు ముందు నగరం మీదుగా పోయే ఒక రంగురంగుల పక్షి ఉంది. ప్రపంచంలో శాస్త్రజ్ఞులంతా దాని జాతిని ‘పిట్టా’ అనే పిలుస్తారు, ఆ మాట మన తెలుగుదే. ఇది విన్నరోజు నేను ఇంటికొచ్చి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. కడప లంకమల అడవుల్లో కలివికోడి సంగతి కూడా ఆవిడే చెప్పారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. దొరకబట్టింది ఆ అడవి ఎరిగిన స్థానికుడు, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. ‘కన్ను ముందు, గాజు తర్వాత’ అనేవారు ఆవిడ. గాజు మీద బతికేవాణ్ణి నేను, అయినా ఆ మాట సరైనదే.

దసరాకు పాలపిట్టల్ని పట్టి పంజరాల్లో పెట్టి వీధుల్లో తిప్పేవాళ్ళు ఉంటారు. రెక్కలు కట్టేసి, జిగురు అంటించి తెస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మేడమ్ ఎవరితోనూ గొడవ పడలేదు. దసరానాడు సాయంత్రం షాపులో ఉన్న నాలుగు దుర్బీన్లు పట్టుకుని క్యాంపస్‌కు రమ్మన్నారు. జమ్మి ఆకు కోసం వచ్చిన మా వీధి పిల్లలకు, వాళ్ళ నానమ్మలకు తీగ మీద కూర్చున్నదాన్ని చూపించాం. ఒక నానమ్మ దుర్బీన్‌తోనే దండం పెట్టుకోబోయి, చేతులు ఖాళీ లేక తల వంచింది. అప్పటి నుంచి ఏటా వెళ్తున్నాం. మేడమ్ పోయాక కూడా.

రాత్రి పని గురించి కొంచెం. యూనివర్సిటీ ఖగోళశాఖ ప్రొఫెసర్ ఒకాయన పాత రష్యన్ 7×50 తెచ్చారు. లోపల గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది. నా మొదటి పెద్ద గెలుపు అది, మొదటి పెద్ద తప్పూ అందులోనే. కంటి అద్దం గొట్టానికి ఒకటి కాదు, నాలుగైదు మరలు పక్కపక్కన చుట్టి ఉంటాయి. ఎక్కడ వదిలిందో అక్కడే మళ్ళీ పట్టించాలి. నేను గీత గీసుకోకుండా విప్పేశాను. ఎటు పట్టించినా ఫోకస్ ముందుకో వెనక్కో పోతోంది. రెండు రోజులు ఒక్కొక్క మరా పట్టించి చూస్తూ కూర్చున్నాను. మీరు విప్పేముందు, మర జారిపోయే క్షణంలో, రెండు వైపులా సూదితో చిన్న గీత పెట్టండి. ఉస్తాద్ చెప్పారు, నేను తొందరలో మరిచాను.

అది బాగయ్యాక ప్రొఫెసర్ గారు నన్నూ రాత్రి మైదానానికి రమ్మన్నారు. మామూలు కంటికి ఆరు చుక్కలుగా కనిపించే కృత్తికలు గాజులో పదుల చుక్కలయ్యాయి, నల్లగుడ్డ మీద నూకలు చల్లినట్టు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా చేతికి ఎలా వచ్చిందో, అందులో 15 అంగుళాల టెలిస్కోపుతో, రంగాపూర్‌లో 48 అంగుళాల దానితో తాము ఏం చేశారో చెప్పారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణాన్ని రంగాపూర్‌లో ప్రపంచమంతా వచ్చి చూస్తుంటే, పన్నెండేళ్ళ నేను మా ఇంట్లో తలుపులు మూసి దుప్పటి కింద ఉన్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘ఇప్పుడు చూస్తున్నావు కదా’ అన్నారు. అంత పెద్ద యంత్రాల మీద పనిచేసిన మనిషి, కొత్తవాళ్ళకు మాత్రం ముందు బైనాక్యులర్‌తో ఆకాశంలో దారులు నేర్చుకోమనే చెప్పేవారు.

ఇప్పుడు తార్నాకలో ఆకాశం అంత నల్లగా లేదు. వీధిదీపాలు, మెట్రో స్టేషన్ వెలుగు. 7×50 తెల్లబిళ్ళ ఏడు మిల్లీమీటర్లు, ఇంత వెలుతురున్న ఆకాశం అందులో బూడిదరంగు కొడుతుంది. యాభై దాటినవాళ్ళ కంటిపాప చీకట్లోనూ అంత తెరుచుకోదు, కాబట్టి ఆ వెలుగంతా లోపలికి పోదు. నగరం నుంచి చూసేవాళ్ళకు 10×50 ఇస్తాను. చెయ్యి వణకకుండా బూజుకర్ర తెచ్చుకోమంటాను. కర్రను నేలమీద నిలబెట్టి, కొసకు దుర్బీన్ ఆనించి పట్టుకుంటే గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు కూడా నిలబడతాయి. సూర్యుడి వైపు మాత్రం ఏ గాజూ తిప్పకండి, ఒక్క క్షణం కూడా. కన్ను పోతే బాగుచేసే మెకానిక్ లేడు.

వానాకాలం బూజుది. జూలై వచ్చిందంటే నా బల్ల నిండిపోతుంది. బీరువాలో తోలు సంచిలో దాచినవే ఎక్కువ వస్తాయి, తోలు తడి పీలుస్తుంది. మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి నిండినట్టు. వంటకు వాడని మూకుడులో సన్నసెగన వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. అద్దం తుడిచేముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదండి, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. చొక్కా అంచుతో తుడిచారంటే ఇసుకరేణువుతో రుద్దినట్టే.

నిరుడు ముందువీధి అపార్టుమెంటు మూడో అంతస్తు నుంచి ఒకమ్మ కబురు పెట్టారు. మోకాళ్ళు, మెట్లు దిగలేరు. పోయిన భర్తది 8×30, రేసులకు తీసుకెళ్ళేవాడట. కీలు బిగుసుకుపోయి, చక్రం తిరగడం లేదు. ఎదురుగా సెల్ టవర్ మీద గద్ద గూడు పెట్టింది, పిల్లల్ని చూడాలని ఉంది నాయనా అన్నారు. పాత గ్రీజు కడిగి కొత్తది వేశాను. ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమదానికి కాలేదు, రెండు కళ్ళకూ పవర్ తేడా చాలా ఎక్కువ. పట్టీ ఎంత తిప్పాలో కుదిర్చి, అక్కడ గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాను. కీలు దగ్గర ఇంకో చుక్క. ఆవిడ బాల్కనీ కటకటాలకు మోచేతులు ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘రెండు కాదు, మూడున్నాయి’ అన్నారు. ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేసి గూడు సమాచారం చెబుతారు.

డబ్బు తీసుకోనంటే ఆవిడ, ‘మా మేడ తాళంచెవి ఇస్తా, ఏమైనా పనికొస్తుందా?’ అన్నారు. పైకెక్కాను. ఈశాన్యంగా తిరిగితే, నీళ్ళట్యాంకుల మధ్య నుంచి, మౌలాలి గుట్ట. దర్గా తెల్లగా ఉంది. ఎనిమిది రెట్లలో మెట్ల మీద మనుషులు నడుస్తున్నారు.

ఫిజిక్స్ చదివే అమ్మాయి ఒకతి ఆర్నెల్లుగా నా దగ్గర పని నేర్చుకుంటోంది. మొన్న శనివారం పొద్దున ఇద్దరం ఆ మేడ ఎక్కాం. తన చేత్తో మొదటిసారి కాలిమేషన్ చేసిన 8×40. నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని చూసింది. ‘సార్, కుడిదాంట్లో గుట్ట ఒక పిసరు కిందికుంది.’ పేచ్‌కస్ ఇచ్చాను. మర తిప్పిందో లేదో తెలియనంతగా తిప్పింది. మళ్ళీ చూసి, ‘కుదిరింది’ అంది. నేను చెయ్యి చాచాను. తను ఇవ్వలేదు. కీలు మూసి, కంటి అద్దాలను ఇరుకు కొలతకు తెచ్చి, మళ్ళీ గుట్ట వైపు తిరిగింది.